పుండు మానినా గుర్తు మిగులుతుంది: జబ్బును మొక్క, మన శరీరం ఎలా జ్ఞాపకం పెట్టుకుంటాయి?



టీకాల గదిలో తల్లులు మమ్మల్ని తరచుగా అడిగే మాట ఒకటుంది. "సిస్టరమ్మా, బిడ్డకు పుట్టినప్పుడు ఏసిన సూది ఇప్పుడు చీము పట్టింది. సూది పడలేదేమో, ఏమన్నా పూయమంటారా?" అని. కొందరు అడగకుండానే ఇంట్లో పసుపో, బూడిదో, పౌడరో చల్లి తీసుకొస్తారు. మరికొందరు ఆ పుండును చూసి భయపడి తరువాతి టీకాలకు రావడమే మానేస్తారు. మాకు ఎక్కువ బాధ కలిగించేది ఈ చివరి సంగతి.

ఆ చిన్న పుండు దగ్గర శరీరం ఒక పాఠం నేర్చుకుంటూ ఉంటుంది. ఆ పాఠం ఎలా నేర్చుకుంటుంది, ఎక్కడ దాచుకుంటుంది, ఏ కారణాల వల్ల మరచిపోతుంది అనే విషయాలు గత ఇరవై, ముప్పై ఏళ్ళలో చాలావరకు తెలిశాయి. చిత్రమేమిటంటే మన చేలలోని మొక్కలు కూడా దాదాపు ఇలాంటి పద్ధతిలోనే తెగులును గుర్తుపెట్టుకుంటాయి. ఈ సంచికలో ఆ సంగతి వీలైనంత తేలిక మాటల్లో చెప్పడానికి ప్రయత్నిస్తున్నాము.

నురగ వచ్చే మందు

డ్రెస్సింగ్ గదిలో పుండు కడిగేటప్పుడు తెల్లగా నురగ పొంగే మందును మీలో చాలామంది చూసే ఉంటారు. దాని పేరు హైడ్రోజన్ పెరాక్సైడ్. రక్తంలోను, కణాల్లోను కాటలేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది ఈ మందును నీరుగా, ఆక్సిజన్‌గా విడగొడుతుంది. ఆ ఆక్సిజనే నురగగా పైకి వస్తుంది.

ఈ మందును సీసాలో నింపక ముందునుంచే మన శరీరం దాన్ని సొంతంగా తయారు చేసుకుంటూ ఉంది. సూక్ష్మక్రిమి లోపలికి రాగానే తెల్ల రక్తకణాలు దాన్ని చుట్టుముట్టి మింగుతాయి. మింగిన వెంటనే ఆక్సిజన్‌ను ఎక్కువగా వాడుకుని, దానినుంచి చురుకైన, మంటపుట్టించే పదార్థాలను తయారు చేసి క్రిమి మీద వదులుతాయి. హైడ్రోజన్ పెరాక్సైడ్ వాటిలో ఒకటి. ఈ పని చేసే యంత్రాంగం పుట్టుకతోనే లోపించిన పిల్లలు కొందరున్నారు. ఆ లోపాన్ని దీర్ఘకాలిక గ్రాన్యులోమా వ్యాధి అంటారు. అలాంటి పిల్లలకు గడ్డలు, న్యుమోనియా, బూజు జాతి ఇన్ఫెక్షన్లు మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంటాయి. ఈ మంట మనకు ఎంత అవసరమో వారిని చూస్తే అర్థమవుతుంది.

ఆక్సీకరణ అంటే ఒక పదార్థం ఎలక్ట్రాన్లను పోగొట్టుకోవడం. దానికి వ్యతిరేకం క్షయకరణ, అంటే ఎలక్ట్రాన్లను పొందడం. ఈ రెండూ ఎప్పుడూ జంటగానే జరుగుతాయి. ఒకటి ఇస్తే ఇంకొకటి పుచ్చుకుంటుంది. ఈ ఇచ్చిపుచ్చుకోవడాన్నే రెడాక్స్ అంటారు. ఇనుప గొలుసు తుప్పు పట్టడం ఆక్సీకరణే. వంకాయను కోసి నీళ్ళలో వేయకుండా ఉంచితే నల్లబడడమూ ఆక్సీకరణే.

శరీరానికి ఇందులో రెండు ఉపయోగాలున్నాయి. మొదటిది క్రిమిని చంపడం. రెండవది కబురు పంపడం. హైడ్రోజన్ పెరాక్సైడ్ కొద్ది మోతాదులో ఉన్నప్పుడు పక్క కణాలకు "ఇక్కడ శత్రువు ఉన్నాడు, సిద్ధంగా ఉండండి" అనే సంకేతంలా పనిచేస్తుంది. మోతాదు మించితే మాత్రం మన కణాలనే కాలుస్తుంది. పొయ్యిలో ఉన్న నిప్పు అన్నం వండుతుంది, అదే చూరుకు అంటుకుంటే ఇల్లు కాలుతుంది. నిప్పు ఒకటే, ఎక్కడుంది, ఎంతుంది అన్నదే తేడా.

చేనులో జరిగే కథ

మన రాయలసీమ రైతులకు తెగులు అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. 2000 సంవత్సరం ఖరీఫ్‌లో మన పొరుగు జిల్లా అనంతపురంలో వేరుశెనగకు కాండం కుళ్ళు వైరస్ తెగులు సోకింది. సుమారు 2,25,000 హెక్టార్లలో పంట దెబ్బతిన్నది. నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందని లెక్క వేశారు. కారణం టొబాకో స్ట్రీక్ వైరస్ అని శాస్త్రవేత్తలు గుర్తించారు. గట్ల మీద పెరిగే వయ్యారిభామ పుప్పొడిలో ఈ వైరస్ దాగి ఉంటుంది. తామర పురుగులు ఆ పుప్పొడిని మోసుకొచ్చి బుడ్డల చెట్టు మీద పడేస్తాయి.

మొక్కకు రక్తం లేదు. ఊరంతా తిరిగే పోలీసుల్లాంటి తెల్లకణాలు లేవు. కాళ్ళు లేవు కాబట్టి పారిపోనూ లేదు. అందువల్ల ప్రతి కణమూ తన కాపలా తానే కాచుకోవాలి. తెగులు క్రిమి తగిలిన కొద్ది నిమిషాల్లోనే ఆ చోటి కణాలు హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను విడుదల చేస్తాయి. మన తెల్లకణాలు ఇందుకు ఏ రకం ఎంజైమ్‌ను వాడతాయో మొక్కలు కూడా అదే కుటుంబానికి చెందిన ఎంజైమ్‌ను వాడతాయి. చాలాసార్లు ఆ చోటి కణాలు తమంతట తామే చనిపోయి క్రిమి ముందుకు పోకుండా అడ్డుకట్ట వేస్తాయి. ఆకు మీద కనిపించే ఎండిన చుక్కల్లో కొన్ని ఇలా ఏర్పడినవే.

1961లో ఫ్రాంక్ రాస్ అనే అమెరికన్ శాస్త్రవేత్త పొగాకు మొక్కల మీద ఒక పరీక్ష చేశారు. కింది ఆకులకు వైరస్ తగిలించి కొన్ని రోజులు ఆగారు. తరువాత పై ఆకులకు తగిలించారు. ముందుగా ఏ వైరస్సూ తగలని మొక్కలతో పోలిస్తే వీటి పై ఆకుల మీద మచ్చలు తక్కువగా, చిన్నవిగా వచ్చాయి. కింది ఆకు పడిన కష్టం పై ఆకుకు తెలిసిందన్నమాట. ఈ కబురు మోయడంలో సాలిసిలిక్ ఆమ్లానికి ముఖ్యమైన పాత్ర ఉందని తరువాత తేలింది. మనం తలనొప్పికి వేసుకునే ఆస్పిరిన్ ఈ పదార్థానికి దగ్గరి చుట్టమే.

మన సజ్జ చేలకు వచ్చే వెర్రికంకి తెగులు మీద మైసూరు విశ్వవిద్యాలయంలో చాలా ఏళ్ళు పరిశోధన జరిగింది. విత్తనాన్ని కొన్ని పదార్థాలతో ముందుగా శుద్ధి చేస్తే మొలకలు ఆ తెగులును బాగా తట్టుకుంటాయని అక్కడ చూపించారు. ఆ పదార్థాలు తెగులును నేరుగా చంపే విషాలు కావు. మొక్కను ముందే మేల్కొలిపి ఉంచుతాయి. ఒకరకంగా ఇది మొక్కకు టీకా వేయడమే.

గంధకపు గొళ్ళెం

మంట చల్లారిపోతుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ క్షణాల్లో విడిపోయే పదార్థం. మరి జ్ఞాపకం ఎలా నిలుస్తుంది?

మొక్క కణంలో ఎన్.పి.ఆర్.1 అనే ప్రోటీన్ ఉంది. మామూలు రోజుల్లో ఇది కణం బయటి గదిలో గుంపుగా కట్టబడి ఉంటుంది. ఆ కట్టు గంధకపు అణువులు రెండేసి చేతులు కలపడం వల్ల ఏర్పడుతుంది. తలుపుకు గొళ్ళెం పెట్టినట్లుగా ఊహించుకోండి. తెగులు సోకినప్పుడు కణంలోని రెడాక్స్ స్థితి అటూ ఇటూ ఊగుతుంది. ముందు ఆక్సీకరణ వైపు వెళ్ళి, తరువాత క్షయకరణ వైపు మళ్ళుతుంది. అలా మళ్ళినప్పుడు గొళ్ళెం ఊడుతుంది. ప్రోటీన్ విడివిడిగా లోపలి గదిలోకి, అంటే కణ కేంద్రకంలోకి వెళ్ళి రక్షణకు సంబంధించిన జన్యువులను పనిలో పెడుతుంది. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో షిన్నియన్ డాంగ్ అనే శాస్త్రవేత్త బృందం 2003లో దీన్ని కనిపెట్టింది.

రసాయన మంట ఒక తాళం తీయగలదని దీనివల్ల తెలిసింది. ఇక ఆ గదిలో ఏం జరుగుతుందో చూద్దాం.

ఎమర్జెన్సీ ట్రే

మన ఒక్కొక్క కణంలో సుమారు 2 మీటర్ల పొడవైన డి.ఎన్.ఎ. దారం ఉంటుంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపు నేతపని చూసినవారికి కండె అంటే తెలుసు. డి.ఎన్.ఎ. కూడా హిస్టోన్లు అనే కండెల మీద చుట్టుకుని ఉంటుంది. బిగుతుగా చుట్టి ఉన్న చోట జన్యువును చదవడం కష్టం. వదులుగా ఉన్న చోట సులభం. ఈ బిగువును, వదులును మార్చే చిన్న చిన్న రసాయన గుర్తులు కొన్ని దారం మీద, కొన్ని కండె మీద ఉంటాయి. జన్యువులోని అక్షరాలు ఏమీ మారవు. గుర్తులు మాత్రమే మారతాయి. ఈ శాస్త్రాన్ని ఎపిజెనెటిక్స్ అంటారు.

వార్డు ఉదాహరణ చెబితే ఇది ఇంకా తేలికగా అర్థమవుతుంది. మందుల బీరువాలో వందల మందులుంటాయి. అన్నింటికీ తాళం ఉంటుంది. పాము కాటు కేసు వచ్చినప్పుడు బీరువా తెరిచి, వెతికి, కావలసినవి తీస్తాము. కేసు ముగిశాక వాటిని మళ్ళీ బీరువాలో పెట్టి తాళం వేయము. ఎమర్జెన్సీ ట్రేలో సర్ది చేతికందే చోట ఉంచుతాము. ఈసారి కేసు వస్తే వెతకనక్కరలేదు. బీరువాలో కొత్త మందు ఏదీ చేరలేదు, ఉన్నదే దగ్గరకు వచ్చింది. కణంలో జరిగేది సరిగ్గా ఇదే.

మంటకు, ఈ గుర్తులకు సంబంధం ఏమిటంటే, గుర్తులు పెట్టే ఎంజైములకు, చెరిపే ఎంజైములకు ముడిసరుకు కణం తిండిని మండించే చోటునుంచే వస్తుంది. చెరిపే ఎంజైముల్లో చాలావాటికి ఇనుము ఒక ప్రత్యేక స్థితిలో ఉండాలి. రెడాక్స్ మారితే వాటి పని మందగిస్తుంది. కణం చురుకుగా పోరాడుతున్నప్పుడు ఫ్యూమరేట్ అనే పదార్థం పోగవుతుంది. అది చెరిపే ఎంజైమును అడ్డుకుంటుందని 2016లో మనుషుల కణాల్లో చూపించారు. చెరపడం ఆగిందంటే గుర్తు నిలిచినట్లే. మంట చల్లారినా గుర్తు మిగిలేది ఇందువల్లనే.

మొక్కల్లో ఈ గుర్తులు కొన్నిసార్లు విత్తనం దాకా పోతాయి. ఆవాల కుటుంబానికి చెందిన ఒక చిన్న మొక్కకు తెగులు తగిలించగా, దాని గింజలనుంచి వచ్చిన పిల్లమొక్కలు తెగులును బాగా తట్టుకున్నాయని 2012లో ప్రచురించారు. అయితే అవే పిల్లమొక్కలు వేరే రకం శిలీంధ్రానికి ముందుకన్నా ఎక్కువగా లొంగిపోయాయి. ఒక వైపు కాపలా పెంచితే ఇంకో వైపు తగ్గిందన్నమాట. "రోగనిరోధక శక్తి ఎంత పెరిగితే అంత మంచిది" అనే మాట అందుకే పూర్తిగా నిజం కాదు.

మన బిడ్డల విషయంలో ఈ మొక్కల కథను చూసి పొరపడకూడదు. తల్లి కడుపులోను, తల్లిపాల ద్వారాను బిడ్డకు కొన్ని ప్రతిరక్షకాలు అందుతాయి. కానీ అవి కొన్ని నెలలకు తగ్గిపోతాయి. తల్లి టీకాలు వేయించుకున్నంత మాత్రాన బిడ్డకు వేయించనక్కరలేదు అనుకోవద్దు. ప్రతి బిడ్డా తన పాఠం తాను నేర్చుకోవలసిందే.

మన సీమలోనే మొదలైన పని

బి.సి.జి. టీకాకు, మన రాయలసీమకు పాత అనుబంధం ఉంది. ఫ్రాన్స్‌లో కాల్మెట్, గెరాన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పశువులకు వచ్చే క్షయ క్రిమిని 13 సంవత్సరాలపాటు మళ్ళీ మళ్ళీ పెంచి దాని శక్తి తగ్గించారు. 1921లో మొదటిసారి ఒక శిశువుకు ఇచ్చారు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో అనేక మిషన్లు కలిసి నెలకొల్పిన క్షయ శానిటోరియం 1915లో ప్రారంభమైంది. డెన్మార్క్‌నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మొల్లర్ దాని మొదటి అధికారి. 1948లో మన దేశంలో బి.సి.జి. పని మొదలైన తొలి కేంద్రాల్లో మదనపల్లె ఒకటి. తరువాత ఆ చుట్టుపక్కల పల్లెల్లో టీకా ఎంత పనిచేస్తుందో ఏళ్ళ తరబడి గమనించారు.

అప్పుడు కూడా టీకా అంటే జనం భయపడ్డారు. 1955లో రాజాజీ వంటి పెద్ద నాయకుడే బి.సి.జి.ని వ్యతిరేకిస్తూ పుస్తకం వేశారు. అడగడం తప్పు కాదు. అడిగిన ప్రశ్నకు పరీక్షలు చేసి జవాబు వెతకడమే సరైన దారి. మదనపల్లె పల్లెల్లో కొంతమేరకు రక్షణ కనిపించింది. 1968లో చెంగల్పట్టు ప్రాంతంలో 2,60,000 మందికి పైగా పాల్గొన్న పెద్ద పరీక్ష మొదలైంది. 15 ఏళ్ళ ఫలితాలు 1999లో వచ్చాయి. పెద్దవారికి వచ్చే ఊపిరితిత్తుల క్షయను బి.సి.జి. ఆపలేదని అందులో తేలింది. మన నేలలో, నీటిలో ఉండే క్షయ జాతికి చెందిన నిరపాయకర క్రిములు ముందే కొంత పాఠం నేర్పడం, కొంత అడ్డుపడడం దీనికి ఒక కారణమని భావిస్తున్నారు.

మరి ఇంకా ఎందుకు వేస్తున్నాము? పసిబిడ్డల్లో మెదడు పొరలకు వచ్చే క్షయనుంచి, ఒళ్ళంతా పాకే క్షయనుంచి బి.సి.జి. బాగా కాపాడుతుంది కాబట్టి. ఈ రెండూ బిడ్డ ప్రాణం తీసేవి. బతికి బయటపడినా చూపో, వినికిడో, నడకో పోగొట్టేవి. పుట్టిన వెంటనే వేయమనేది అందుకే.

రెండు రకాల జ్ఞాపకం

మన శరీరంలో జ్ఞాపకం రెండు చోట్ల ఉంటుంది.

మొదటిది శత్రువు ముఖం గుర్తుపెట్టుకునే జ్ఞాపకం. బి కణాలు, టి కణాలు అనే తెల్లకణాలు ఒక క్రిమిని ఒకసారి చూస్తే చాలా ఏళ్ళు మరచిపోవు. మీ ఇంట్లో పెద్దవాళ్ళ చేతి మీద మశూచి టీకా మచ్చ చూసి ఉంటారు. ఆ టీకా వేయించుకున్నవారిలో 75 సంవత్సరాల తరువాత కూడా ఆ జ్ఞాపకం మిగిలి ఉందని 2003లో చూపించారు. మశూచి చివరి కేసు మన దేశంలో 1975లో నమోదైంది. జబ్బు పోయినా ఆ కణాలు ఇంకా కాపలా కాస్తున్నాయి.

రెండవది ముఖం గుర్తుండని, కానీ అలవాటు మిగిలే జ్ఞాపకం. ముందు వరసలో పోరాడే కణాలకు జ్ఞాపకం ఉండదని చాలాకాలం అనుకున్నారు. నెదర్లాండ్స్‌లోని మిహాయ్ నెటియా బృందం 2012లో ఆరోగ్యవంతులకు బి.సి.జి. ఇచ్చి రక్తం పరీక్షించింది. మూడు నెలల తరువాత కూడా వారి తెల్లకణాలు క్షయకు సంబంధం లేని వేరే క్రిములకు సైతం చురుకుగా స్పందించాయి. ఆ కణాల హిస్టోన్ల మీద కొత్త గుర్తులు కనిపించాయి. ఈ కణాలు రక్తంలో కొన్ని రోజులకు మించి బతకవు. అయినా శిక్షణ నెలల తరబడి నిలిచిందంటే, ఎముక మజ్జలోని తల్లికణాలకే ఆ గుర్తులు అందాయన్నమాట. దీన్ని శిక్షణ పొందిన రోగనిరోధక శక్తి అంటున్నారు. మొక్కల్లో చూసిన మేల్కొలుపుకు ఇది చాలా దగ్గరగా ఉంది.

దీనివల్ల ప్రాణాలు నిలిచాయా? పశ్చిమ ఆఫ్రికాలోని గినీ బిస్సావ్‌లో బరువు తక్కువగా పుట్టిన బిడ్డలకు వెంటనే బి.సి.జి. వేస్తే మొదటి నెలలో మరణాలు సుమారు 38 శాతం తగ్గాయని మూడు పరీక్షలు కలిపి 2017లో లెక్క చెప్పారు. మన దేశంలో రష్యా రకం బి.సి.జి.తో చేసి 2019లో ప్రచురించిన పరీక్షల్లో అలాంటి ప్రయోజనం కనిపించలేదు. కోవిడ్ నుంచి బి.సి.జి. కాపాడుతుందేమోనని ఆరోగ్య సిబ్బంది మీద చేసిన పెద్ద పరీక్షలో కూడా ఉపయోగం లేదని 2023లో తేలింది. కాబట్టి బి.సి.జి. సర్వరోగ నివారిణి అని ఎవరైనా చెబితే నమ్మవద్దు. పసిబిడ్డను ఘోరమైన క్షయనుంచి కాపాడుతుంది అన్నది మాత్రం నమ్మదగిన మాట.

జ్ఞాపకాన్ని చెరిపేసే జబ్బు

తట్టు వస్తే "అమ్మ పోసింది, మూడు రోజుల్లో తగ్గిపోతుంది" అని వేపాకు పెట్టి ఇంట్లోనే ఉంచుతారు. దద్దుర్లు తగ్గిపోతాయి నిజమే. కానీ తట్టు వైరస్ వెతికి వెతికి సోకేది ముఖం గుర్తుపెట్టుకునే ఆ జ్ఞాపక కణాలకే. నెదర్లాండ్స్‌లో మత విశ్వాసం కారణంగా టీకాలు వేయించని కుటుంబాల్లోని 77 మంది పిల్లలను తట్టుకు ముందు, తరువాత పరీక్షించారు. వేరే జబ్బులకు వారి దగ్గర ఉన్న ప్రతిరక్షకాల్లో 11 నుంచి 73 శాతం వరకు పోయాయని 2019లో ప్రచురించారు. అన్నేళ్ళు నేర్చుకున్న పాఠాలు ఒక్క జబ్బుతో చెరిగిపోయాయి. తట్టు తగ్గిన తరువాత నెలల తరబడి పిల్లలకు విరేచనాలు, న్యుమోనియా ఎక్కువగా రావడానికి ఇదొక కారణం. తట్టు టీకా వల్ల ఇలాంటి నష్టం జరగదు.

ప్రార్థన చేసుకునే ఇంట్లో టీకా కార్డు ఉండడం విశ్వాసలోపం కాదు. ఈ సీమలో టీకా సూది పట్టుకున్నవారిలో మిషన్ ఆసుపత్రుల వైద్యులు, నర్సులు మొదటి వరసలో ఉన్నారు.

చెడు గుర్తులు కూడా ఉంటాయి

కణం మంచినే కాక చెడును కూడా గుర్తుపెట్టుకుంటుంది. చక్కెర ఎక్కువకాలం అదుపులో లేకపోతే ఆక్సీకరణ మంట ఎడతెగకుండా సాగుతుంది. అది కూడా గుర్తులు పెడుతుంది. తరువాత చక్కెర అదుపులోకి వచ్చినా రక్తనాళాలకు జరిగే హాని కొంతకాలం ఆగదు. అందుకే "తరువాత చూసుకుందాంలే" అనకుండా మొదటినుంచే అదుపు చేసుకోమంటాము. చక్కెర జబ్బు ఉన్నవారికి క్షయ వచ్చే అవకాశం మిగతావారికన్నా 2 నుంచి 3 రెట్లు ఎక్కువ.

బేతంచెర్ల, యర్రగుంట్ల వైపు బండలు కోసే, పాలిష్ పట్టే పనుల్లో మన కుటుంబాలు చాలా ఉన్నాయి. రాతి ధూళిలోని సిలికా ఊపిరితిత్తుల కాపలా కణాల్లో చేరి ఆరని మంట పెడుతుంది. కాపలావాడే గాయపడితే క్షయకు దారి తెరిచినట్లే. నీళ్ళు పోస్తూ కోయడం, సరైన మాస్కు వాడడం మంచిది. ముఖానికి తువ్వాలు కట్టుకుంటే సన్నటి ధూళి ఆగదు.

క్షయ తగ్గినవారి తెల్లకణాల్లో కూడా చికిత్స తరువాత నెలల తరబడి కొన్ని గుర్తులు మిగిలి, వాటిని మందకొడిగా చేస్తాయని గమనించారు. మందులు అయిపోయాక కూడా ఒకసారి వచ్చి చూపించుకోండి అని మేము చెప్పడం వెనక ఈ కారణమూ ఉంది.

క్షయ మందు, క్రిమి డాలు

క్షయ క్రిమిని మన తెల్లకణం మింగి పెరాక్సైడ్ వదిలితే, అది తన కాటలేజ్‌తో దాన్ని విరగ్గొట్టి బతుకుతుంది. అదే దాని డాలు. ఐసోనియాజిడ్ మాత్ర అలాగే ఉంటే ఏమీ చేయలేదు. క్రిమిలోని ఆ కాటలేజే దాన్ని విషంగా మారుస్తుంది. డాలే క్రిమికి కత్తి అవుతుందన్నమాట. కానీ కొన్ని క్రిములు డాలునే పారేసి మందునుంచి తప్పించుకుంటాయి. అందుకే ఒక్క మందు కాక కొన్ని మందులు కలిపి ఇస్తారు. దగ్గు తగ్గిందని రెండు నెలలకే మాత్రలు మానేసినవారిలో ఇలాంటి మొండి క్రిములు మిగిలి పెరుగుతాయి. ఆ తరువాత జబ్బు ఆ ఒక్కరితో ఆగదు. అదే గదిలో పడుకునే బిడ్డలకు ఆ మొండి క్రిమే అంటుకుంటుంది.

శక్తి మాత్రల సంగతి

"యాంటీ ఆక్సిడెంట్" అని రాసిన పొడులు, మాత్రలు వందలు పోసి కొంటున్నారు. పైన చెప్పినట్లు ఆ మంట కొంత కావాలి, కొంత అదుపులో ఉండాలి. శరీరానికి ఆ తూకం తెలుసు. లోపం ఉన్నవారికి డాక్టరు చెప్పిన విటమిన్లు అవసరమే. మిగిలినవారు ఆ డబ్బుతో కొర్రలు, సజ్జలు, కందిపప్పు, గోంగూర, బుడ్డలు, ఒక గుడ్డు, కాలానికి దొరికే జామకాయ తింటే చాలు.

మీరు చేయవలసినవి

1. బి.సి.జి. టీకా పుట్టిన వెంటనే వేయించండి. ఆలస్యమైతే ఏడాది లోపు ఎప్పుడైనా వేయించవచ్చు. ఎడమ భుజం మీద వేస్తారు.

2. కొన్ని వారాలకు చిన్న బుడిపె లేచి, పగిలి, రెండు మూడు నెలల్లో మచ్చగా మానుతుంది. ఏమీ పూయవద్దు, పిండవద్దు, కట్టు కట్టవద్దు. స్నానం మామూలుగా చేయించవచ్చు. మచ్చ పడకపోయినా మళ్ళీ వేయించనక్కరలేదు.

3. చంకలో గడ్డ పెద్దదైనా, చీము కారినా, పుండు మూడు నెలలు దాటినా మాకు చూపించండి.

4. మీ ఇంట్లో ముందు పుట్టిన బిడ్డ చిన్నతనంలోనే గడ్డలతో, న్యుమోనియాతో చనిపోయి ఉంటే, లేదా తల్లికి హెచ్.ఐ.వి. ఉంటే, సూదికి ముందే డాక్టరుతో చెప్పండి. అలాంటి బిడ్డల్లో కొందరికి బి.సి.జి. క్రిమే జబ్బు చేయవచ్చు. మీరు చెప్పిన మాట ఎవరికీ చెప్పము.

5. తట్టు, రుబెల్లా టీకా 9 నెలలు నిండాక ఒకటి, 16 నుంచి 24 నెలల మధ్య రెండవది తప్పక వేయించండి.

6. రెండు వారాలకు మించి దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే గళ్ళ పరీక్ష చేయించుకోండి. క్షయ పరీక్ష, మందులు ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. చికిత్స కాలంలో పోషకాహారానికి నెలకు 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేసే పథకం 2024 నవంబరు నుంచి ఉంది. అంతకు ముందు 500 రూపాయలు ఇచ్చేవారు.

7. ఇంట్లో ఒకరికి క్షయ వస్తే మిగిలిన అందరూ, ముఖ్యంగా పసిపిల్లలు పరీక్షకు రండి. జబ్బు లేనివారికి కూడా రాకుండా మందులు ఉన్నాయి.

టీకా కార్డును రేషన్ కార్డుతో పాటు భద్రంగా దాచుకోండి. పోయినా భయపడవద్దు. బిడ్డను తీసుకుని రండి, మా రిజిస్టరులో వెతికి మళ్ళీ రాసిస్తాము. సందేహం ఏదైనా ఉంటే టీకాల గదిలో ఉన్న సిస్టర్లను మొహమాటపడకుండా అడగండి.